చివరి పేజీకి ముందు ఆపిన కథ

ఆ వారపత్రిక ఆఫీసులో ఒక పద్ధతుంది. సస్పెన్స్ కథ అచ్చుకి వెళ్ళేముందు రచయిత దాన్ని అందరికీ చదివి వినిపించాలి, చివరి పేజీకి ముందు ఆపాలి. హంతకులెవరో ఎవరూ చెప్పలేకపోతే, ముందుగా సూచనలివ్వకుండా మోసం చేసినట్టు. అందరూ చెప్పేస్తే బట్టబయలు చేసినట్టు. ఒకరిద్దరు తటపటాయిస్తూ చెబితే కథ పాస్.

ఆరోజు కుర్ర రచయిత మహా హుషారుగా చదివాడు. కథలో నర్సు నవ్వినప్పుడల్లా నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంటుంది, వంకర పన్ను కనబడకూడదని. శవం మణికట్టు మీద పంటిగాటు ఉంది.

"ఇక చెప్పండి, ఎవరు?" అన్నాడు.

తలలన్నీ ఒక్కసారి మూలన బొమ్మలు వేసుకుంటున్న ఆర్టిస్టు అమ్మాయి వైపు తిరిగాయి.

"ఇంకెవరు, మన ఆర్టిస్టే!" ఎడిటర్ పగలబడి నవ్వాడు. అందరూ నవ్వారు.

ఆమె నోటికి చెయ్యి అడ్డం పెట్టుకునే లేచి బయటికి వెళ్ళిపోయింది. ఈసారి నవ్వుకి కాదు. రచయితకు తల కొట్టేసినట్టయింది. వెనకాలే వరండాలోకి పరిగెత్తాడు. బయట వాన.

"ఏమండీ..."

"నన్ను మాట్లాడించకండి. పళ్ళు కనిపిస్తాయి."

"కావాలని చేయలేదండీ."

"అంత శ్రద్ధగా చూశారే! చూసిందంతా తీసుకెళ్ళి హంతకురాలికి పెట్టారా?"

సిగ్గుతో చచ్చిపోతూ లోపలికొచ్చాడు.

"కథ వెనక్కి తీసుకుంటున్నాను, సార్."

"పేజీ ఖాళీ అయిపోతుందయ్యా!"

"కానివ్వండి. మీరంతా ఆవిణ్ణి చూసి నవ్వింది నా మూలంగానే. ఆ అలవాటు నాకెలా తెలుసంటే... ఈ గదిలో నేను ఇంకెవర్నీ చూడను గనక. ఇష్టం గనక. ఇష్టమైన మనిషినే నలుగురిలో నవ్వులపాలు చేశాను."

ప్రూఫులు దిద్దే అక్కయ్య నిట్టూర్చింది. "ఈ ఇష్టం సంగతి మాకెప్పుడో అర్థమైపోయింది బాబూ. ఆ పిల్లకే తెలీదు."

"తెలుసక్కా," అంది ఆర్టిస్టు, గుమ్మంలోంచి. "ఎప్పుడు చెప్తారా అని చూస్తున్నా. ఇలా ఏడిపించి చెప్తారనుకోలేదు."

ఎవరూ నవ్వలేదు.

"నా కోపం పోలేదు," అంది అతనితో. "సాయంత్రం టీకి వస్తాను. అక్కడ తీరిగ్గా తిడతాను. మధ్యలో సంజాయిషీలు చెప్పకూడదు."

"చెప్పనండీ," అన్నాడు అతను, తలెత్తకుండానే.