ఎండలో పెట్టిన పాటలు

"చెయ్యి తియ్యుండ్రి. ఈ మోటర్ నేను ముందు చూసిన."

"చూసుడు వేరు. నేను పట్టుకున్న."

భంగార్ దుకాణంలో, పాత ఇనుప సామాన్ల మధ్య, ఒక టేప్‌రికార్డర్ మోటర్‌ను చెరోవైపు పట్టుకుని నిలబడ్డారు మయూరి, ఎవరో ఒక అబ్బాయి. తుప్పు గీసుకుని కూతురికి ధనుర్వాతం వస్తుందేమోనని వెంట వచ్చింది తల్లి భాగ్యవతి. ఇప్పుడు నలుగురిలో గొడవవుతుందేమోనని ఇంకో భయం పట్టుకుంది.

"దీంతోని ఏం చేస్తరు?" అని అడిగాడు అతను.

"గ్రామఫోన్ రికార్డులు తిప్పే మిషిన్. సొంతంగ చేస్తున్న."

అతను చటుక్కున చెయ్యి వదిలేశాడు. "మా తాత దగ్గర సందుగ నిండ రికార్డులున్నయి. ప్లేయర్ ఖరాబైంది, దానికే మోటర్ దేవులాడుతున్న. మీరు మిషిన్ చెయ్యుండ్రి. రికార్డులు నేను తెస్త."

"తెస్తరని నమ్మకమేంది?"

"మా ఊరు ఉమ్రి నుంచి రావాలె. రైలును నమ్మలేం గని, నన్ను నమ్మొచ్చు."

మయూరి ఫక్కున నవ్వింది. భాగ్యవతి ఉలిక్కిపడింది. పుణెలో కంపెనీ వాళ్లు ఉద్యోగంలోంచి తీసేశాక ఇంటికొచ్చిన పిల్ల, మూలకు కూర్చున్న పిల్ల, మళ్లీ నవ్వడం ఇదే.

అబ్బాయి పేరు శ్రీహరి. ప్రతి ఆదివారం వాళ్లింటికి వచ్చేవాడు. భాగ్యవతి ఇద్దరి ఎదుటే బియ్యం ఏరుతూ కాపలా కూర్చునేది. కరెంటు కొడుతుందేమో, పక్కింటివాళ్లు ఏమనుకుంటారో, ఇంటాయన డ్యూటీ నుంచి వచ్చి ఏమంటాడో.

ఆమె చపాతీ పీటే మిషిన్‌కు అడుగైంది. దాని మీద గుండ్రంగా కోసిన ప్లైవుడ్ పళ్లెం, పళ్లేన్ని తిప్పడానికి మోటర్ నుంచి సన్నని రబ్బరు బెల్టు. సూది ఒక్కటే ఆన్‌లైన్‌లో తెప్పించింది మయూరి.

శ్రీహరి తెచ్చిన రికార్డు ఒకటి మొదటిసారి పెట్టి చూశారు.

"పాడేటాయనను కుక్క తరుముతున్నట్టుంది," అన్నాడు శ్రీహరి.

మయూరి స్పీడ్ తగ్గించింది.

"ఇప్పుడు నిద్రల పాడుతుండు."

"మీకు ఎట్ల పాడినా తప్పేనా?"

"తప్పు లేకుంటే మిషిన్ తయారైతది. తయారైతే నేను ఏ సాకు మీద రావాలె?"

మయూరి తల వంచుకుని స్క్రూ బిగించింది. అది ముందే బిగిసి ఉంది. బియ్యం చేటలో భాగ్యవతి వేళ్లు ఆగిపోయాయి. ఇన్నాళ్లూ ఈ పిల్లాడు ఎందుకొస్తున్నాడా అని ఆమె భయం. ఆ రోజు నుంచి, రావడం మానేస్తే తన పిల్ల మళ్లీ ఆ మూలకే పోతుందేమోనని భయం.

మే నెలలో మిషిన్ సరిగ్గా తిరిగింది. శ్రీహరి తాతకు ప్రాణమైన రికార్డుల కట్ట తెచ్చి బల్ల మీద పెట్టి, వైరు కోసం మయూరితో బజారుకు వెళ్లాడు.

కట్ట విప్పితే బూజు వాసన. ఇది పీలిస్తే పిల్లల ఊపిరితిత్తులు ఏం కావాలి? భాగ్యవతి ఒక్కో రికార్డునూ తడిగుడ్డతో తుడిచి, మేడ మీద మంచంపై అప్పడాల్లా ఆరబెట్టింది.

వాళ్లు వచ్చే వేళకు వాటిని కిందికి తేవడానికి వెళ్తే, నిజంగానే అప్పడాలయ్యాయి. ఎండ వేడికి అంచులు పైకి లేచి, నడుములు వంగి.

చేతుల్లో వాటితో ఆమె మెట్లు దిగేసరికి ఇద్దరూ ఎదురుగా ఉన్నారు.

"నేనే ఎండల పెట్టిన," అంది మయూరి ముందుకొచ్చి. "అమ్మకేం తెల్వది."

"మీరెందుకు పెడ్తరు? పెట్టుమని అమ్మకు నేనే చెప్పిన," అన్నాడు శ్రీహరి.

"ఎప్పుడు చెప్పిండ్రు? అబద్ధం."

"మీరు నాతోని బజార్ల ఉన్నరు కద. మీది అబద్ధం గాదా మరి?"

"అమ్మను ఏమన్న అంటరేమోనని."

"అంటనా? నేనంత కానివాన్నా?"

"నేనే పెట్టిన, బిడ్డా," అంది భాగ్యవతి ఏడుపు ఆపుకుంటూ. "మీ తాత ఊకుంటడా? నిన్ను మళ్ల ఇటు రానిస్తడా?"

శ్రీహరి ఆమె చేతుల్లోంచి ఒక రికార్డు తీసి మిషిన్ మీద పెట్టాడు. అలల మీద పడవలా సూది లేస్తూ పడుతూ పోయింది. పాట సాగింది, ముడుచుకుంది, అయినా పాట పాటే.

"అడుగుతడమ్మా. ఎవలు పాడుచేసిండ్రని అడుగుతడు. ఇంట్లవాళ్లే అని చెప్త. ఇంట్లవాళ్లను ఏమీ అనడు."

"ఎవలింట్లవాళ్లు?" అంది మయూరి.

అతను నేల చూపులు చూశాడు. "మీరు ఒప్పుకుంటే... మా ఇంట్లవాళ్లే."

సూది రెండుసార్లు లేచి పడింది.

"పెద్దమనిషికి అబద్ధం చెప్పుడు మంచిగుండదు," అంది మయూరి మెల్లగా. "నిజం చేసినంక చెప్పుండ్రి."

శ్రీహరి తలెత్తాడు. ఆమె తల దించుకుంది. ఈసారి బిగించడానికి స్క్రూ కూడా లేదు.

భాగ్యవతి కొంగుతో కళ్లు తుడుచుకుంది.

"ఆదివారం మేమే అస్తం, మయూరి నాయినను తోల్కొని. తాతకు నేనే చెప్పుకుంట," అంది. అంతలోనే ఇంకో భయం. "బాబూ, పొద్దుగాల ఉమ్రి బండి ఎన్నింటికి? తప్పిపోతే ఎట్ల?"