రూట్‌కి పెట్టిన పేరు

మొదటి వీడియో కాల్‌లోనే విజేత ఫణి కోడ్‌ని ఏకిపారేసింది.

"వచ్చినవాళ్లని గేటు దగ్గర ఆపే ఈ వాచ్‌మన్ కోడ్ ఎవరు రాశారు?"

"నేనే మేడమ్. ఏమైంది?"

కోవిడ్ సెకండ్ వేవ్ రోజులు. సూరత్‌లో ఆక్సిజన్ సిలిండర్ కావాల్సినవాళ్ల కోసం వాళ్ల చిన్న కంపెనీ ఉచితంగా ఒక వెబ్‌సైట్ నడుపుతోంది. ఫణిది పర్వత్ పాటియాలో మరమగ్గాల కార్మికుల ఇల్లు. విజేతది ఊరి చివర హజీరాలో ఫ్యాక్టరీ టౌన్‌షిప్. ఇద్దరూ ఎవరింట్లో వాళ్లు కూర్చుని పనిచేస్తున్నారు.

సైట్‌లో ప్రతి పేజీకీ జనానికి కనిపించే అడ్రస్ ఒకటుంటుంది, కోడ్ లోపలే ఉండే రూట్ పేరు ఇంకొకటి. వచ్చినవాళ్లు ఏ రూట్‌లో వచ్చారని ఫణి కోడ్ సర్వర్‌ని అడుగుతుంది. అతను ముందే రాసిపెట్టిన పేర్లలో అది ఉంటే లోపలికి పంపుతుంది, లేకపోతే లాగిన్ అడుగుతుంది. సిలిండర్ పేజీకి లాగిన్ అక్కర్లేదు.

"పేరు చూసి తలుపు తీస్తాడా నీ వాచ్‌మన్? రేపెవరైనా ఆ పేరు మారిస్తే?"

"నేనుండంగ ఎవడు మారుస్తడు మేడమ్? జర నమ్ము."

"మేడమ్ అంటూనే నమ్ము అంటావేంటి!"

విజేత పకపకా నవ్వింది. ఫణి అక్కడే పడిపోయాడు. అంత తేలిగ్గా పడిపోయే రకమే మనవాడు.

"కెమెరా ఆన్ చెయ్యవేంది ఇయ్యాల?" అనేవాడు తర్వాతి కాల్స్‌లో.

"తల దువ్వుకోలేదు."

"నేను జూసేది కోడ్‌నే."

"అబద్ధాలకోరు!" అని కెమెరా ఆన్ చేసేది.

ఇష్టం చెప్పడానికి దేవుడు నోరిచ్చాడు. ఈ మహానుభావుడికి అది చాల్లేదు. ఒక ఉదయం సిలిండర్ పేజీ రూట్ పేరు తీసేసి 'విజేత' అని పెట్టాడు. ఆమె కోడ్ నడిపి రూట్ పేరు అడిగితే తెరమీద తన పేరే వస్తుందని సంబరం. పేజీ తెరిచి చూశాడు. తెరుచుకుంది. తను లాగినై ఉన్నాడు కదా మరి! వాచ్‌మన్‌కి కొత్త పేరు చెప్పనేలేదు.

ఆ పూటంతా సిలిండర్ కోసం వచ్చిన ప్రతివాళ్లకీ లాగిన్ పేజీయే ఎదురైంది. వాళ్లలో విజేత తల్లి వెంకటలక్ష్మి కూడా ఉంది. ఇంట్లో భర్త సూర్యప్రకాశరావుకి ఊపిరందడం లేదు. విజేత ఆసుపత్రిలో బెడ్ కోసం తిరుగుతూ, "మన సైట్ ఉందిగా, అందులో అడుగమ్మా" అని ఫోన్‌లో చెప్పింది. చివరికి సిలిండర్ ఎక్కడినుంచో సాయంత్రానికి వచ్చింది. మర్నాడు ఆయన పోయాడు.

వానలు మొదలయ్యాక ఫణి టౌన్‌షిప్ గేటు దగ్గరికి వెళ్లాడు. విజేత గొడుగు లేకుండానే వచ్చింది.

"రూట్ పేరు ఎందుకు మార్చావు? మార్పుల చిట్టాలో నీ పేరే ఉంది."

ఏదో పరీక్షించబోయి మర్చిపోయానంటే సరిపోయేది. కానీ అబద్ధం నోటిదాకా రాలేదు.

"నువ్వంటే పానం నాకు. అది నీకు చెప్దామనే మార్చిన."

విజేత మాస్కు తడిసి ముఖానికి అతుక్కుంది.

"నాకూ నువ్వంటే ఇష్టమే ఫణీ. అదే మింగుడు పడట్లేదు. సిలిండర్ ముందొస్తే నాన్న బతికేవారో లేదో డాక్టరే చెప్పలేనన్నాడు. మా అమ్మ మాత్రం లాగిన్ చెయ్యడం చేతకాక ఆయన్ని పోగొట్టుకున్నానని ఏడుస్తోంది. నాకు చెప్పే ధైర్యం లేదు. నువ్వొచ్చి చెప్పు."

"వస్త."

వెంకటలక్ష్మి తలుపు తీసింది. అతన్ని చూసి, ఎన్నాళ్లకో, ముఖం కాస్త విప్పారింది.

"ఫణివి నువ్వేనా బాబూ? విజేత నీ గురించి వాళ్ల నాన్నకి చెప్పింది. ఆయన సరేనన్నారు కూడా. తడిసిపోయావు, రా, కూర్చో."

ఫణి కూర్చోలేదు. నిలబడే చెప్పాడు.