కడియం మీద ముడి

శవం ట్యాంకు అడుగున బోర్లా పడి ఉంది.

ఉదయం ఏడుంపావు. ములకలపల్లి దాటాక, అడవి మొదలయ్యే చోట ఉన్న స్పిరిట్ డిపో అది. ఫ్యాక్టరీలకు పంపే స్పిరిట్‌ను అక్కడ పెద్ద పెద్ద ఇనుప ట్యాంకుల్లో నిలవ చేస్తారు. మూడో ట్యాంకులోకి గాలి కొట్టించి, నడుముకు తాళ్లు కట్టుకుని దిగిన ఫైర్‌మెన్ శవాన్ని పైకి తెచ్చారు.

చనిపోయింది సీతయ్య. డిపోలో కూలీ. పక్క గూడెం మనిషి. ఒంటిమీద గాయం లేదు. పక్కన ఒక అల్యూమినియం చెంబు దొరికింది.

"క్లియర్ కేసు సార్," అన్నాడు ఎస్సై. "రాత్రి దొంగతనంగా తాగడానికి దిగాడు. ఆవిరికి ఊపిరాడక పోయాడు. వాడికి గేటు తీసింది వాచ్‌మన్ భద్రు. జీపులో కూర్చోబెట్టాం."

సర్కిల్ ఇన్‌స్పెక్టర్ వెంకటప్పయ్య ముందుకు వంగాడు. శవం కుడి చేతిని చూస్తున్నాడు.

మణికట్టుకు ఇనుప కడియం. దాని చుట్టూ గుడ్డ పేలిక. పేలికకు గట్టి ముడి.

"ఇదేంటి?"

"దెబ్బ తగిలి కట్టుకున్నాడేమో సార్."

మేనేజర్ మోతీలాల్ ముందుకొచ్చాడు. సన్నటి మనిషి. రుమాలుతో మెడ తుడుచుకుంటూనే ఉన్నాడు.

"నేను నిన్న ఆరింటికే క్వార్టర్‌కి వెళ్లిపోయాను సార్. పొద్దున మూత తెరిచి ఉంటే తొంగిచూశా."

"ట్యాంకులో సరుకుందా?"

"లేదు సార్. ఇవాళ కొత్త లోడు వస్తుంది."

"ఖాళీ ట్యాంకులో తాగడానికేముంది?"

"అడుగున కాస్త మిగులుతుంది సార్. వీళ్లకు అదే చాలు."

శవం పక్కన కూర్చున్న భీమక్క తలెత్తింది. సీతయ్య భార్య. ఏడుపు ఎప్పుడో ఆగిపోయిన మొహం.

"ఏందయ్యా, ఏమంటున్నవ్? ఇంట్ల కుండెడు ఇప్పసారా పెట్టుకొని నీ కంపు నీళ్లు తాగుతడా? ఆ వాసనకు రోజూ వాగుల మునిగొస్తెనే ఇంట్లకు రానిచ్చేదాన్ని."

చుట్టూ చేరిన కూలీల్లో ఎవరో కిసుక్కుమన్నారు. వెంటనే ఆపుకున్నారు.

"రాత్రి ఇంటికి రాకపోతే వెతకలేదా?" అడిగాడు వెంకటప్పయ్య.

"లారీ పని పడ్డదనుకున్న సారూ." ఆమె జీపు వైపు చెయ్యి చూపింది. "నా మొగన్ని దొంగను జేసిండ్రు. సచ్చినోడు మాట్లాడలేడు. భద్రును గూడ జైల్ల పెడితే ఇగ మాట్లాడేటోడే ఉండడు."

"ఈ గుడ్డ ఏంటి భీమక్కా?"

"చిన్నప్పుడు మా అత్త ఏసిన కడెం సారూ. చెయ్యి పెరిగింది, కడెం రాదు. ఇనుముకు ఇనుము తాకితే నిప్పురవ్వ పుడతదంట. అందుకే ట్యాంకుల దిగేముందు గుడ్డ చుడతరు."

"ఎవరు చుడతారు?"

"బయట తాడు పట్టుకొని నిలబడేటోడు."

వెంకటప్పయ్య శవం నడుము చూశాడు. తాడు లేదు. తాడు కట్టిన ఆనవాలూ లేదు.

జీపు దగ్గరికి నడిచాడు. భద్రు కుడి చెయ్యి తువ్వాలలో దాచుకుని ముడుచుకు కూర్చున్నాడు.

"నిన్న సాయంత్రం ఎక్కడున్నావు?"

"బస్‌స్టాండ్ల సారూ. లారీ వస్తది, దారి చూపెట్టమని మేనేజర్ సారే తోలిండు. చీకటి పడేదాక కూసున్న. లారీ రాలె."

"అబద్ధం!" వెనక నుంచి అరిచాడు మోతీలాల్. "నేను పంపలేదు సార్!"

"సీతయ్య కడియానికి గుడ్డ నువ్వే కట్టావా?"

భద్రు తువ్వాల తీశాడు. చేతికి రెండే వేళ్లున్నాయి. అవీ వంకరపోయాయి.

"ఎలుగొడ్డు తిన్నది సారూ. నా పంచె ముడి గూడ నా పెండ్లామే ఏస్తది. నేనేం కడత?"

వెంకటప్పయ్య ట్యాంకుల మధ్యకు వెళ్లాడు. ప్రతి వాల్వుకూ పురికొస కట్టి, మీద లక్కముద్ర వేసి ఉంది. ఒక్కో ముడినీ వంగి చూశాడు. తిరిగొచ్చి అందర్నీ ఆఫీసు వరండాలోకి రమ్మన్నాడు.

"ఈ సీళ్లు ఎవరు వేస్తారు?"

"నేనే సార్," అన్నాడు మోతీలాల్. "ఇంకెవరూ ముట్టుకోకూడదు."

వెంకటప్పయ్య ఒక పేలిక అతని చేతిలో పెట్టి, తన కుడి మణికట్టు చాపాడు.

"కట్టు."

"నేనా సార్?"

"కట్టు."

మోతీలాల్ వేళ్లు అలవాటుగా కదిలాయి. రెండు చుట్లు. కొసను కిందినుంచి లాగి, వెనక్కి తిప్పి, బిగింపు. అప్పుడు తన చేతుల్ని తానే చూసుకున్నాడు. చంకలో ఇరికించుకున్న రుమాలు కిందపడింది.

"ఒంటరిగా వచ్చిన దొంగ, ఎడం చేత్తో తన కుడి మణికట్టుకు ఈ ముడి వేసుకోలేడు," అన్నాడు వెంకటప్పయ్య. "భద్రు వేయలేడు. వాల్వుల మీదా ఇదే ముడి. శవం మీదా ఇదే. ఇప్పుడు నా చేతి మీదా ఇదే. సీతయ్య తాగడానికి దిగలేదు. నువ్వు దగ్గరుండి పనికి దింపావు."

మోతీలాల్ మెట్టు మీద కూలబడ్డాడు.

"ఖాళీ ట్యాంకే ఎక్కువ ప్రమాదం సార్. ఆవిరంతా అడుగునే ఉంటుంది. మూతలన్నీ తీసి బాగా గాలాడనివ్వాలి. కానీ లోడు వచ్చేస్తోంది... ఓనరు ఫోన్ మీద ఫోన్. కాసేపే కదా, అడుగు తుడిచి వచ్చేస్తాడనుకున్నా. భద్రు ఉంటే ఒప్పుకోడని పంపించేశా."

"తాడు?"

"స్టోర్‌లో ఉంది సార్. తాళం తీసి తేవాలని..."

"సీతయ్య పలకనప్పుడు ఎవరినైనా కేకేశావా?"

మోతీలాల్ తల అడ్డంగా ఊపాడు.

"చెంబు?"

"పైనుంచి వేశాను."

భీమక్క లేచి అతని ముందు నిలబడింది. అరవలేదు.

"నిప్పు పుట్టి నీ ట్యాంకు కాలొద్దని గుడ్డ మంచిగ కట్టినవ్. మనిషికి తాడు కట్టనీకి చేతులు రాలే?"

ఎస్సై వెళ్లి జీపు తలుపు తీశాడు. భద్రు దిగి శవం దగ్గర చతికిలబడ్డాడు. వెంకటప్పయ్య ముడి చెదరకుండా సీతయ్య చేతి పేలికను పక్కనుంచి కోసి కవరులో వేశాడు. గుడ్డ ఉన్న చోట కడియాన్ని భీమక్క కొంగుతో తుడిచింది.

"ఊళ్లె చెప్త సారూ," అంది. "పనికి పోయి సచ్చిండని."

మోతీలాల్‌ను ఎక్కించుకుని జీపు కదిలింది. వెంకటప్పయ్య మణికట్టు మీద మోతీలాల్ కట్టిన పేలిక అలాగే ఉంది. ఎడం చేత్తో విప్పబోయాడు. రాలేదు. మళ్లీ లాగాడు. ఇంకా బిగిసింది.

చెయ్యి ఎస్సై వైపు చాపాడు.