జేబులో ఫ్యూజు

“ఈ బ్యాటరీ పెట్టమని మీకు ఎవరు చెప్పారు?”

“ఇంటర్నెట్.”

“అయితే బిగించమని కూడా దాన్నే అడగండి.”

కౌంటర్ ఇవతలున్న యువకుడు కాగితం మడవబోయాడు. అవతలున్న అమ్మాయి అతని చేతిలోని కాగితం లాక్కుని, రెండు నిమిషాల్లో దానిమీద నాలుగు కొట్టివేతలు చేసి తిరిగిచ్చింది. నీలం చొక్కా, చేతులు మోచేతుల దాకా మడిచి ఉన్నాయి. మెడలో మీటరు వేలాడుతోంది. బజారంతా ఆమెను మీటరమ్మ అంటుంది. ఆమె ముందు మాత్రం ఎవరూ అనరు.

“లిథియం మంచిదే కదండీ?” అన్నాడు.

“మంచిదే. బానెట్ కింద పెడితే ఇంజన్ వేడికి ఉడికిపోతుంది. లోపల పెట్టుకోవాలి. మీకు లోపల ఖాళీ ఉందా?”

అతను బయట నిలబెట్టిన తన ఫోర్ వీల్ డ్రైవ్ బండి వంక చూశాడు. టాప్ మీద మడిచిన టెంటు, వెనక ఒక ఫ్రిజ్, దాని చుట్టూ అట్టపెట్టెలు, తాళ్లు, బకెట్లు. అంగుళం ఖాళీ లేదు.

“లేదు.”

“బానెట్ కింద రెండో పక్క ట్రే ఖాళీగా ఉంది. అక్కడ వేడిని తట్టుకునే డీప్ సైకిల్ బ్యాటరీ పెట్టాలి. ఇంజన్ స్టార్ట్ చేసే బ్యాటరీ బలమంతా ఒక్క క్షణంలో చూపిస్తుంది. అది కోపిష్ఠి. డీప్ సైకిల్‌కి ఓపిక ఎక్కువ, రాత్రంతా కొంచెం కొంచెంగా ఇస్తుంది. రెండింటి మధ్యా ఈ డబ్బా.” అరచేతిలో పట్టే పెట్టెను బల్లమీద పెట్టింది. “ఐసొలేటర్. ఇంజన్ నడుస్తుంటే రెండు బ్యాటరీలనీ కలుపుతుంది. ఆపగానే విడదీస్తుంది. మీ ఫ్రిజ్ ఎంత తాగినా రెండోదాన్నే తాగుతుంది. పొద్దున బండి స్టార్టవుతుంది.”

“అదే కావాలి.”

“ఇంత పెద్ద ఫ్రిజ్‌లో ఏం పెట్టుకుంటారు? ఐస్‌క్రీమా?”

“టీకాలు.”

ఆమె చేతిలో పెన్ను ఆగింది.

అతను పశువుల డాక్టరు. ఏటా కొండల మీది గొర్రెల దొడ్ల దగ్గరే పదకొండు రోజులు మకాం. నిరుడు బండిలో ఉన్నది ఒక్కటే బ్యాటరీ. మూడో రోజు తెల్లారేసరికి ఫ్రిజ్ దాన్ని ఊడ్చేసింది. బండి కదల్లేదు. టీకాలు వెచ్చబడిపోయాయి.

“రెండువేల డోసులు నా చేత్తోనే పారబోశాను. ఆ నెలలో నూట అరవై గొర్రెలు పోయాయి. ఒక పెద్దావిడకి గొర్రెల మంద మొత్తం పోయింది. ఆవిడ నన్ను ఒక్క మాట అనలేదు. తిట్టినా బాగుండేది.”

ఆమె కౌంటర్ దాటి ఇవతలికి వచ్చింది. “బండి లోపల పెట్టండి,” అంది. ఈసారి గొంతులో వెటకారం లేదు.

పాత బ్యాటరీ కూడా అరిగిపోయిందని ఊడదీసి మూలన పెట్టి, దాని చోట కొత్తది బిగించింది. “పాతదాన్ని నేను ఇంటికి తీసుకెళ్లనా? ఆరేళ్లు నాతో తిరిగింది,” అన్నాడతను. ఆమె గోడమీది బోర్డు చూపించింది. ‘తీసుకున్నది తిరిగి ఇవ్వబడదు.’

ఆగిపోయిన బండికి ఇంకో బ్యాటరీ నుంచి కరెంటు ఎక్కించే జంపర్ కేబుళ్లు బండిలో చుట్టచుట్టి ఉండడం కూడా ఆమె కంటపడింది. “వీటితో ఇక పని లేదు. ఇక్కడే వదిలేయండి.”

“ఉండనివ్వండి. నమ్మకం వేరు, జాగ్రత్త వేరు అంటుంది మా అమ్మ.”

“అంటే నా పని మీద నమ్మకం లేదా?”

“మీ మీద ఉందండీ. కరెంటు మీదే లేదు.”

మూలన ఛార్జింగ్ బెంచీ దగ్గర కూర్చున్న మాస్టారు దగ్గాడు. ఆయన ఆమె తండ్రి, షాపుకి యజమాని, బజారులో అందరికీ మాస్టారే. దగ్గు రాకపోయినా దగ్గడం ఆయనకి అలవాటు.

ఒకటిన్నర రోజు పని మూడు రోజులు సాగింది. డాక్టరు పొద్దున్నే వచ్చి స్టూలు వేసుకుని కూర్చునేవాడు. ఈ వైరెందుకు ఇంత లావు? ఆ నట్టుకెందుకు గ్రీజు? మామూలుగా రెండో ప్రశ్నకే కస్టమర్లను బయటికి పంపే అమ్మాయి ముప్ఫయ్యో ప్రశ్నకి కూడా జవాబు చెప్పింది.

“మీ నాన్నగారికి ఎడమ కనుబొమ్మ సగమే ఉందేం?”

“ఫ్యూజు ముందే పెట్టి స్పానర్ జారవిడిచారు. నిప్పురవ్వ లేచింది. అప్పట్నుంచీ షాపులో ఒక రూలు. అన్నీ బిగించేదాకా ఫ్యూజు జేబులోనే ఉండాలి.” చొక్కా జేబు తట్టింది. “చివర్న పెట్టి, ఇంజన్ ఆన్ చేసి మీటరు చూడాలి. రెండో బ్యాటరీ పద్నాలుగు వోల్టులు దాటిందంటే ఛార్జ్ ఎక్కుతున్నట్టు. అప్పుడు బానెట్ లోపల ఈ టేపు మీద నా సంతకం. అంతవరకూ పని అయినట్టు కాదు.”

సోమవారం మధ్యాహ్నం ఆఖరి నట్టు బిగిస్తుండగా డాక్టరు ఫోను మోగింది. వింటున్నకొద్దీ అతని మొహం మారిపోయింది.

“పై దొడ్డిలో ఇరవై గొర్రెలు పడిపోయాయట. ఇప్పుడే వెళ్లాలి.”

“ఒక్క పది నిమిషాలు. టెస్టు…”

“పద్నాలుగు దాటాలి, అంతేగా? నా దగ్గరా మీటరుంది, దారిలో నేను చూసుకుంటాను.” సీట్లోకి ఎక్కబోయి ఆగాడు. చెవులు ఎర్రబడ్డాయి. “పదకొండు రోజుల్లో వస్తాను. వచ్చాక మీతో ఒక మాట చెప్పాలి. బ్యాటరీల సంగతి కాదు. చెప్పొచ్చా?”

ఇంగ్లీషు మాన్యువల్ చూడకుండా అప్పజెప్పే అమ్మాయికి తెలుగులో ‘ఊ’ అనడానికి అర నిమిషం పట్టింది. అన్నాక ఏం చేయాలో తోచక బానెట్ దించి దడాల్న మూసింది.

బండి మలుపు తిరిగేదాకా అక్కడే నిలబడింది.

“తల్లీ, రోడ్డు ఎక్కడికీ పోదు, లోపలికి రా,” అన్నాడు మాస్టారు.

ఆమెకి షాపు చొక్కాలు రెండు. మంగళవారం రెండోది వేసుకుంది. బుధవారం పొద్దున మేకుకి తగిలించిన మొదటిది తీసి దులిపింది.

టక్.

బొటనవేలంత ఫ్యూజు నేలమీద పడి గుండ్రంగా తిరిగి ఆగింది.

ఆమె వంగి దాన్ని తీసింది. అరచేతిలో పెట్టుకుని గోడకి ఆనుకుంది. సోమవారం, చొక్కా జేబు, బానెట్ చప్పుడు.

“నాన్నా!”

ఆ పిలుపుకి మాస్టారు చెప్పులు మర్చిపోయి పరుగెత్తుకొచ్చాడు.

ఫ్యూజు లేకపోతే రెండో బ్యాటరీకి ఛార్జ్ ఎక్కదు. షాపులో నింపి పంపిన కరెంటుతో ఫ్రిజ్ ఒకటిన్నర రోజు నడుస్తుంది. అంటే నిన్న రాత్రికే సరి. ఫోన్ చేసింది. కవరేజ్ లేదు. పదిసార్లు చేసింది. కొండల్లో ఆ పెద్దావిడ ఈసారి కూడా ఏమీ అనకుండా నిలబడి ఉంటుందని తోచి కళ్లు మూసుకుంది.

“దారిలో పరీక్షిస్తానన్నాడుగా,” అన్నాడు తండ్రి.

“పరీక్షిస్తే లేదని తెలుస్తుంది. పెట్టుకోవడానికి అక్కడేముంది? నాన్నా, ఆయన గొర్రెలు…”

“వ్యాన్ తాళాలు తే. కొండ కింద అడిగితే గొర్రెల డాక్టరు ఉన్న దొడ్డి ఎవరైనా చూపిస్తారు.”

షాపు వ్యాను వయసులో ఆమెకి అక్క. ఎత్తు రాగానే రొప్పేది. ఆరు గంటల దారిలో ఆమె తనంతట తానుగా రెండే మాటలు మాట్లాడింది. “తొందరగా నాన్నా.” అదే రెండుసార్లు.

“తప్పు చేయని మెకానిక్కు లేడమ్మా. నా కనుబొమ్మ చూడు.”

“మీది మీ కనుబొమ్మ. నాది ఊళ్లోవాళ్ల గొర్రెలు.”

మాస్టారు దగ్గలేదు. గేరు మార్చాడు.

నాలుగు గంటలకి దొడ్డి కనిపించింది. రాతిగోడ, లోపల గొర్రెలు. గోడ పక్కన ఆ బండి, బానెట్ ఎత్తి ఉంది. వ్యాను ఆగకముందే ఆమె దూకింది.

బండి ఇంజన్ నడుస్తోంది. డాక్టరు ఎత్తిన బానెట్ కింద వంగి ఉన్నాడు. రెండు చేతులకీ భుజాల దాకా పొడుగాటి ప్లాస్టిక్ గ్లవ్స్ ఉన్నాయి. ఆవుల కడుపు పరీక్షించడానికి వాడేవి. ఒక బ్యాటరీ నుంచి ఇంకో బ్యాటరీకి ఎర్రటి జంపర్ కేబుల్ పట్టుకుని, బాంబు విప్పుతున్నవాడిలా ఊపిరి బిగబట్టాడు.

“డాక్టరుగారూ!”

అతను ఉలిక్కిపడ్డాడు. కేబుల్ మాత్రం వదల్లేదు.

“టీకాలు?” ఆమె బండి వెనకున్న ఫ్రిజ్ వైపు చూసింది.

“చల్లగా ఉన్నాయి.”

“ఎంత?”

“నాలుగు డిగ్రీలు. సోమవారం నుంచీ నాలుగే.”

ఆమె అక్కడే నేలమీద కూర్చుండిపోయింది. ముందు నవ్వొచ్చింది, తర్వాత కన్నీళ్లొచ్చాయి, ఆ తర్వాత రెండూ కలిసి వచ్చాయి. అతను కేబుల్ జాగ్రత్తగా ఊడదీసి, ఇంజన్ ఆపి, గ్లవ్స్‌తోనే వచ్చి ఎదురుగా కూర్చున్నాడు.

“దారిలో చూశాను. పన్నెండున్నర దాటలేదు. బానెట్ ఎత్తితే ఫ్యూజు చోటు ఖాళీ. అప్పటికే సగం దూరం వచ్చేశాను. వెనక్కి తిరిగితే గొర్రెలు ఆగవు. మీరు చెప్పింది గుర్తొచ్చింది. ఇంజన్ నడుస్తుంటే రెండూ కలవాలి, ఆపితే విడిపోవాలి. ఆ డబ్బా చేసే పని కేబుల్‌తో నేనే చేస్తున్నాను, పొద్దున రెండు గంటలు, సాయంత్రం రెండు గంటలు. మీ నాన్నగారి కనుబొమ్మ గుర్తొచ్చి ఈ గ్లవ్స్ వేసుకున్నాను.”

“వదిలేయమన్నాను ఆ కేబుళ్లని,” అంది వెక్కుతూ.

“అన్నారు.”

“ఇంకోసారి అంటే వినకండి.”

“సరే.”

దొడ్లోంచి ఒక పెద్దావిడ, చంకలో గొర్రెపిల్లతో, తొంగిచూసింది. “ఈ పిల్లేనా నాయనా, ఆ మీటరు పిల్ల?”

డాక్టరు మొహం దాచుకోవడానికి చోటు వెతికాడు.

“గంటకోసారి పుస్తకంలో అంకెలు రాస్తుంటే గొర్రెల లెక్క అనుకున్నానమ్మా. అడిగితే, బ్యాటరీ అంకెలు, ఆవిడకి చూపించాలి, చూపిస్తే కోప్పడదు అన్నాడు. నిరుడు నా మంద మొత్తం పోయినప్పుడు ఈయన నా గుమ్మంలో కూర్చుని ఏడ్చాడు. నన్ను ఓదార్చడానికొచ్చినవాణ్ణి నేనే ఓదార్చాల్సి వచ్చింది. ఇంక తిట్టేదెక్కడ? ఈసారి నా పన్నెండింటికీ మొదట సూది వేశాడు.” గొర్రెపిల్లని సర్దుకుంది. “మంచోడు. కాస్త తిక్క.”

“తెలుసు,” అంది అమ్మాయి కళ్లు తుడుచుకుంటూ.

లేచి జేబులోంచి ఫ్యూజు తీసింది. పెట్టింది, బిగించింది, “స్టార్ట్ చేయండి,” అంది. ఇంజన్ అందుకుంది. ఇద్దరి తలలూ మీటరు మీదికి వంగాయి.

పన్నెండు పాయింట్ ఎనిమిది. పదమూడు. పదమూడున్నర.

“పద్నాలుగు,” అన్నారిద్దరూ ఒకేసారి.

ఆమె గుండెల్లోంచి పొద్దుటినుంచీ ఆగిన ఊపిరి ఒక్కసారిగా బయటికొచ్చింది. జేబులోంచి పెన్ను తీసి, ఖాళీగా ఉన్న టేపు మీద తేదీ వేసి సంతకం చేసింది.

“పని అయింది,” అంది. “ఇప్పుడు చెప్పండి, ఆ బ్యాటరీల సంగతి కాని మాట.”

“పదకొండు రోజులన్నాను కదా. ఇంకా తొమ్మిది ఉన్నాయి. నేను ప్రిపేర్ కాలేదు.”

“గ్లవ్స్ తీసి చెప్పండి.”

అతను గ్లవ్స్ తీశాడు. ఒకటి సగంలో ఇరుక్కుంది. ఆమె లాగి ఊడదీసింది. చేయి మాత్రం వదల్లేదు.

“మూడు రోజులూ మీ షాపులో అడిగిన ప్రశ్నల్లో,” అన్నాడు మెల్లగా, “నిజంగా నాకు తెలుసుకోవాలని ఉన్నది ఒక్కటే. అది అడగలేక ముప్ఫై అడిగాను. నన్ను చేసుకుంటారా?”

అంతదాకా వ్యాను టైరుని అదేపనిగా పరీక్షిస్తున్న మాస్టారు గట్టిగా దగ్గాడు.

“నాన్నా, దగ్గకండి. చెప్పండి.”

“నేను చెప్పేదేముందే? చెప్పులు కూడా లేకుండా ఆరు గంటలు నడిపి తీసుకొచ్చాను. ఇంకా నోటితో కూడా చెప్పాలా?” సగం కనుబొమ్మ పైకి లేచింది. “చూడు బాబూ, ఆ టేపు మీద సంతకానికి రెండేళ్లే గ్యారంటీ. మా పిల్ల ఊ అంటే మాత్రం దానికి గడువుండదు. ఆలోచించుకో.”

“ఆలోచించేశానండీ.”

అతను ఆమె వైపు తిరిగాడు. ఈసారి ‘ఊ’ అనడానికి ఆమెకి అర నిమిషం పట్టలేదు.

“మా షాపులో బోర్డు గుర్తుందా?” అంది చేయి ఇంకాస్త బిగించి. “తీసుకున్నది తిరిగి ఇవ్వం.”