జంతువుకు సన్మానం

ఆ ఉదయం ఆకాశం కొండ దిగి వాకిట్లోకొచ్చి కూర్చుంది. సన్నటి తుంపర. పదడుగుల అవతల మనిషి కనబడడు. జకేయో గొడ్డలికి కొత్త పిడి బిగిస్తుంటే, కూతురు తియాంజానే తడిసిన సైకిలు గోడకానించి పరుగున వచ్చింది. పక్క ఊళ్ళో ఆమె బడిపంతులమ్మ.

"నాన్నా! శనివారం జిల్లావాళ్ళు నీకు సన్మానం చేస్తున్నారు. పేరు పంపింది నేనే!"

"నాకా? దేనికే?"

ఆమె కాగితం విప్పింది. "నలభై ఏళ్ళుగా గూలే ఆటలో పెద్ద దుప్పి ముసుగు వేసి, మన కళను నిలబెట్టినందుకు."

గొడ్డలి జారి కిందపడింది.

"నెమ్మదిగా! ఎవరు చెప్పారే నీకు?"

"ఒకరు చెప్పాలా? ఎనిమిదేళ్ళప్పుడే ఆ దుప్పి కింద నీ మడమల పగుళ్ళు చూశాను."

ముసుగులో మనిషి ఉండడు. శ్మశానం నుంచి వచ్చిన జంతువే ఉంటుంది. ఆ మాట మీద ఒట్టు వేయించాకే మగవాణ్ణి ఆటలోకి తీసుకుంటారు. గుట్టు ఆడవాళ్ళకు చేరవేసినవాడు చస్తే, గొయ్యి తవ్వడానికి ఒక్కడూ రాడు. పైగా జకేయో ఈ ఊరికి అల్లుడై వచ్చినవాడు. తనవాళ్ళంటూ ఎవరూ లేరు.

"ఇంకెవరికైనా చూపించావా?"

"ఊరిపెద్ద సంతకం కావాలన్నారు. నిన్న బిసలోము తాతకు ఇలాంటి కాగితమే ఒకటి ఇచ్చి..."

ఆటకు పెద్ద కూడా బిసలోమే.

అంతలోనే మంచులోంచి దగ్గు వినిపించింది. బిసలోము, వెనక ఇద్దరు మగవాళ్ళు.

"ఏమోయ్ అల్లుడా, కాగితం చదివించుకున్నాను. నోరు జారింది నువ్వేనా?"

తియాంజానే ముందుకొచ్చింది.

"తాతా, తప్పు నాది..."

"నిన్నడగలేదు పిల్లా."

వంటింట్లోంచి జకేయో భార్య ఫెలియాతి పిండి గరిటెతోనే బయటికొచ్చింది.

"పెద్దయ్యా, మీరు కూడా దీని రాతలు నమ్మారా? చదువెక్కువై నా కూతురికి మతి పోయింది. జంతువుకు మడమలేమిటి, పగుళ్ళేమిటి! అది ఆడిన ప్రతి రాత్రీ ఈయన నా పక్కనే గుర్రుపెట్టాడు. ఊరందర్నీ పిలవండి, చెప్తాను."

ఆ రాత్రులన్నీ దుప్పి పక్కన డప్పు కొట్టింది బిసలోమే. ఆమెకేసి చాలాసేపు చూశాడు. ఆమె చూపు దించలేదు.

"అంత గుర్రుపెడతాడా?"

"కొండ అదురుతుంది."

వెనకవాళ్ళలో ఒకడు నవ్వు దగ్గుగా మార్చుకున్నాడు.

"మరి ఈ సన్మానం దేనికి?"

"ఏటా వరదకు కొట్టుకుపోయే కర్ర వంతెన మళ్ళీ వేస్తున్నదెవరు? మీ మనవలు బడికి దేనిమీద పోతున్నారు?"

బిసలోము కోటు జేబులోంచి కాగితం తీశాడు. "ఆ దుప్పి మాట కొట్టెయ్, పిల్లా. వంతెనని రాయి. సంతకం పెడతాను."

తియాంజానే దుప్పి మాట కొట్టేసి, వంతెనని రాసింది. అమ్మ ఏం కాపాడిందో అప్పటికి తెలిసింది. కన్నీళ్ళు అక్షరాలను అలికేశాయి.

వాళ్ళు వెళ్ళిపోయాక జకేయో భార్య వైపు తిరిగాడు. ఆట ఆడి వచ్చిన ప్రతి తెల్లవారుజామునా, ఒంటి బురద కడుక్కోవడానికి ఇంటి వెనక కుండలో వేడినీళ్ళు సిద్ధంగా ఉండేవి. నలభై ఏళ్ళు. ఆ బురదేమిటని ఆమె ఏనాడూ అడగలేదు.

"ఫెలియాతీ, నీకు ఎప్పట్నుంచి..."

"చేతులు కడుక్కో. సిమా ముద్ద చల్లారిపోతోంది."

రోజూ వేరుగా తినే మనిషి, ఆ పూట తల్లీకూతుళ్ళ చాప మీదే కూర్చున్నాడు. ఫెలియాతి గుమ్మడాకు కూర ఆయన వైపు జరిపింది. ఒకే పళ్ళెంలో ముగ్గురూ తిన్నారు.