ఆకుపచ్చ దారం

స్టవ్ మీద పాలు పెట్టి, వదిన అలవాటుగా కిటికీ దగ్గర స్టూలు మీద కూర్చుంది. చిన్న కత్తెర కోసం చెయ్యి చాచి, వెనక్కి తీసుకుంది. ఇప్పుడు దానితో పనిలేదు. అత్తగారు పోయి నెల దాటింది.

లోపలి గదిలో ఆడపడుచు అల్మారా ఖాళీ చేస్తోంది. తల్లి బట్టలు సర్దడానికే నిన్న వచ్చింది. నలభై దాటినా ఈ ఇంట్లో ఆమె చిట్టే.

పెద్దావిడ ముప్ఫై ఏళ్లు ఆస్పత్రి లాండ్రీలో పనిచేసింది. ఏ వార్డు దుప్పటి ఆ వార్డుకే చేరాలని అంచు మీద రంగుదారంతో మూడు కుట్లు వేసేవాళ్లు. ఆ అలవాటు ఇంటికీ వచ్చింది. కొడుక్కి నీలం, కోడలికి ఎరుపు, కూతురికి ఆకుపచ్చ. ఓసారి కొడుకు చెల్లెలి తువ్వాలు వాడుకుంటే, "ఆకుపచ్చ అంటే ప్రసూతి వార్డురా. నొప్పులు ఎప్పటినుంచి?" అని అడిగింది. ఆ పూట అన్నాల దగ్గర నవ్వి నవ్వి అందరికీ పొలమారింది.

"వదినా, ఓసారి ఇటు రా."

చిట్టి ఓ తువ్వాలుని వెలుగుకి ఎత్తి పట్టుకుని ఉంది. అంచంతా జల్లెడలా ఉంది.

"ఇదొక్కటే కాదు. దిండు గలీబులూ అంతే. మా అమ్మకి ఇలాంటివి వాడావా?"

"పాతవి కావు చిట్టీ అవి."

"నాకు కళ్లు లేవా? నీ గదిలో దుప్పట్లు కొత్తగానే ఉన్నాయి. ఆవిడకేం తెలుస్తుందిలే అనుకున్నావు. నిజమేలే, కన్నకూతుర్నే నర్సమ్మా అని పిలిచిన మనిషికి ఏం తెలుస్తుంది."

కిందటేడు చిట్టి వచ్చినప్పుడు తల్లి పోల్చుకోలేదు. ఆ సాయంత్రమే తిరుగు బస్సెక్కింది. తల్లి ఉండగా మళ్లీ రాలేదు.

"పొద్దున్నే ఏంటి మీ గొడవ?" అన్నయ్య సబ్బు నురగ మొహంతో తొంగిచూశాడు.

"మీరు గడ్డం గీసుకోండి," అంది వదిన. తర్వాత మంచం అంచున కూర్చుంది.

"మతిమరుపు ముదిరాక అత్తయ్య చేతులు ఊరుకునేవి కావు. డ్యూటీకి టైమైందంటూ గుమ్మం దాటేవారు. రెండుసార్లు రోడ్డు మీద దొరికారు. బుట్టలో ఇవన్నీ వేసి సూదీ దారం ఇచ్చాను. సాయంత్రం దాకా కదల్లేదు. మర్నాడు మళ్లీ బట్టలేవన్నారు. రోజూ కొత్తవి ఎక్కడ తేను? పాలు కాగేలోపు కుట్లన్నీ విప్పేసి, అవే మళ్లీ బుట్టలో వేసేదాన్ని. పద్నాలుగు నెలలు. గుడ్డ మాత్రం ఎంతకని తట్టుకుంటుంది."

చిట్టి తువ్వాలుని ఒళ్లో పెట్టుకుంది. అంచు తడుముతూ అడిగింది. "ఏ రంగు కుట్టేది?"

వదిన తటపటాయించింది. "ఆకుపచ్చ. మిగతా రీళ్లు ముట్టుకునేవారు కాదు. నిన్ను తలుచుకున్నారో, ప్రసూతి వార్డు బట్టలనుకున్నారో నాకు తెలీదు. తెలిసినట్టు చెప్పలేను. నీ గుర్తు విప్పుతుంటే మాత్రం ఏదో తప్పు చేస్తున్నట్టే ఉండేది."

వదిన లేచి మంచం కింద నుంచి బుట్ట లాగింది. అడుగున ఒకే ఒక్క తువ్వాలు. అంచు మీద రెండు ఆకుపచ్చ కుట్లు. మూడోది మొదలవకుండానే సూది వేలాడుతోంది.

"చివరి రోజుది. విప్పబుద్ధి కాలేదు."

చిట్టి ఆ రెండు కుట్ల మీద బొటనవేలు పెట్టింది.

"నర్సమ్మగానైనా ఉండాల్సింది వదినా. నాలుగు రోజులు పక్కన కూర్చుని దారం ఎక్కించి ఇచ్చినా సరిపోయేది."

వదిన దగ్గరికి జరిగి చిట్టి తల తన భుజానికి ఆనించుకుంది. ఇద్దరూ ఏడ్చారు. వంటింట్లో పాలు పొంగి మాడిన వాసన వస్తున్నా ఎవరూ లేవలేదు.

"ఆ మూడోది నువ్వు వేసెయ్," అంది వదిన చివరికి.

చిట్టి తల అడ్డంగా ఊపింది. సూది ఊడిపోకుండా తువ్వాలుని జాగ్రత్తగా మడిచి బుట్టలో పెట్టింది.

"వద్దు. అమ్మకి పని మిగిలే ఉండనీ."