గడప మీద వెంట్రుకల ఉండ

చింతలపూడి నుంచి మగపెళ్ళివారు పెళ్ళిచూపులకు వచ్చే పూట అది. కామేశ్వరి జడ వేసుకుని బయటికి వచ్చేసరికి నాయనమ్మ నాగేంద్రమ్మ వీధి గుమ్మం దగ్గర కొయ్యబారి నిలబడి ఉంది.

గడప మీద వేలెడు పొడవున, తడిగా, నల్లగా ఒక వెంట్రుకల ఉండ.

"తాకకు," అంది నాగేంద్రమ్మ. "ఎవరో చేతబడి చేశారు."

కామేశ్వరి గుడివాడలో పి.యు.సి. చదివిన పిల్ల. చేతబడి మాట వింటే నవ్వేది. ఆ క్షణాన మాత్రం ఒక అడుగు వెనక్కి వేసింది.

"నీ రాలిన జుట్టు దయామణికి ఇచ్చావు కదే?"

"సవరం కట్టుకుంటానంటే ఇచ్చాను."

దయామణి నాగేంద్రమ్మ వాళ్ళ రెడ్డిగూడెం తోటలో మామిడికాయలు ఏరి బుట్టలు కట్టే మనిషి. అమ్మానాన్న చనిపోయినప్పుడు పసిపిల్ల కామేశ్వరిని చంకనేసుకుని తిప్పిన మనిషి కూడాను. పిలిపిస్తే సొన అంటిన చేతులతోనే వచ్చింది. విషయం విని, కొప్పు విప్పి సవరం తీసి చూపించింది.

"ఇదిగోనమ్మా. ఒక్క పోచైనా తగ్గిందేమో చూసుకోండి."

"కొంత దాచి ఉంటావు. రేపట్నుంచి తోటకి రావద్దు," అంది నాగేంద్రమ్మ.

దయామణి సవరం అరుగు మీద పెట్టి వెళ్ళిపోయింది. అంత మాట నాయనమ్మ అనగలదని కామేశ్వరి ఏనాడూ అనుకోలేదు.

"ఏమండీ, ఈ ఇంట్లో పిల్లి ఉందా?"

ఇద్దరూ తిరిగి చూశారు. ఎద్దు మెడ వాపు చూడడానికి వచ్చిన పశువుల డాక్టరు బసవపున్నారావు చేతులు తుడుచుకుంటూ నిలబడి ఉన్నాడు. ఊరికి కొత్త. మనిషి సన్నగా, చొక్కా వదులుగా.

"ఉంటే ఏంటి?" అంది కామేశ్వరి.

"పొడుగు బొచ్చుదా?"

"మా కంగారులో మేముంటే మీకు పిల్లి సంగతులెందుకండీ?"

అతను గొంతుక్కూర్చుని, ఆ ఉండని ఉత్త చేత్తో తీశాడు. నాగేంద్రమ్మ కళ్ళు మూసుకుంది. గ్లాసుడు నీళ్ళు అడిగి, ఉండని అందులో వేసి, రెండు చీపురు పుల్లలతో విడదీశాడు. నలుపంతా నీళ్ళలోకి దిగిపోయింది. మిగిలినవి తెల్లటి వెంట్రుకలు. ఒక్కటీ రెండంగుళాలు లేదు.

"ఇవి మీవేనాండీ?" అని కామేశ్వరి జడ వంక చూశాడు.

ఆమెకి సిగ్గూ, కోపమూ కలిసి వచ్చాయి.

"పిల్లి ఒళ్ళు నాక్కుంటుంది కదా, ఊడిన బొచ్చు కడుపులోకి పోతుంది. ఉండకట్టాక, కడుపులోని మురికి పట్టి నల్లగా, కక్కేస్తుంది. ఎండాకాలం మరీ ఎక్కువ."

అతని మాట పూర్తికాకముందే బల్ల కింద నుంచి 'ఖక్ ఖక్' మని వినిపించింది. తెల్ల పిల్లి ముత్యం నడుం వంచి, మెడ చాచి, అందరి ముందూ రెండో ఉండ కక్కింది. నాగేంద్రమ్మ ఉన్న చోటే కూలబడింది.

సరిగ్గా అప్పుడే వాకిట్లో కారు ఆగింది. పెళ్ళికొడుకు తండ్రి లక్ష్మీనరసింహారావు దిగి, గేటు దగ్గర పాలేరు చెప్పింది విన్నాడు. 'చేతబడి' అన్న మాట గుమ్మం దాకా వినిపించింది. ఆయన మళ్ళీ కారెక్కాడు.

"పరిగెత్తవే, ఉన్న సంగతి చెప్పు," అంది నాగేంద్రమ్మ.

కామేశ్వరి పరిగెత్తింది. వాకిట్లోకి కాదు, పెరట్లోకి. పట్టుచీర కుచ్చిళ్ళు పట్టుకుని, మామిడి చెట్ల మధ్య నుంచి దయామణి వెనక పరిగెత్తింది. డాక్టరు గ్లాసు పట్టుకుని అలాగే చూస్తుండిపోయాడు.

దయామణి వచ్చేసరికి కారు వెళ్ళిపోయింది. నాగేంద్రమ్మ లేచి ఆమె చెయ్యి పట్టుకుంది.

"నా నోరు పడిపోనూ. తప్పు చేశాను. రేపు పనిలోకి రా."

"రేపు రాలేనమ్మా. రేపటికి ఇంకా కోపం ఉంటుంది. ఎల్లుండి వస్తా," అంది దయామణి.

అన్నట్టే ఎల్లుండి వచ్చింది.

డాక్టరు శనివారం వచ్చాడు. పిల్లిని దువ్వడం నేర్పుతానన్నాడు. "బొచ్చు ఎటు వాలి ఉంటే అటే దువ్వాలి. పొట్ట దగ్గర నెమ్మదిగా. తర్వాత తడిచేత్తో ఒకసారి నిమిరితే మిగిలిన బొచ్చు చేతికి వచ్చేస్తుంది. రోజూ చెయ్యాలి. గరిక తింటే తిననివ్వండి."

ముత్యం అతని ముంజేతి మీద నాలుగు గీతలు గీసింది.

"గోళ్ళకి మందేమైనా ఉందాండీ డాక్టరుగారూ?" అంది కామేశ్వరి.

"ఉంది. మీరు పట్టుకుంటే నేను దువ్వుతాను."

అలా ప్రతి శనివారమూ ఆమె పట్టుకుంది, అతను దువ్వాడు. మామిడి కోతలు అయిపోయాయి, వానలు పడ్డాయి. అతను మోకాళ్ళ దాకా బురదతో సైకిలు నెట్టుకుంటూ వచ్చేవాడు.

శ్రావణంలో ఒకరోజు, చూరు నీళ్ళు ధారకడుతుంటే, కామేశ్వరి అడిగేసింది.

"ముత్యం ఉండ కక్కి రెండు నెలలు దాటింది. దువ్వడం నాకూ వచ్చేసింది. మరి మీరెందుకొస్తున్నారండీ?"

బసవపున్నారావు దువ్వెనలో చిక్కిన బొచ్చంతా ఒక్కొక్క పోచే తీశాడు.

"ఆ రోజు మీరు కారు వెనక పరిగెడతారనుకున్నాను," అన్నాడు చివరికి. "దయామణి వెనక పరిగెత్తారు. అప్పట్నుంచి నాకు ఇంకెక్కడికి వెళ్ళినా తోచడం లేదండీ."

కామేశ్వరి ఏదో అనబోయింది. ఈలోగా లోపల్నుంచి నాగేంద్రమ్మ గొంతు వినిపించింది.

"జి.కొండూరులో మీ అమ్మగారికి ఉత్తరం రాసి వారమైంది నాయనా. జవాబు ఇవాళే వచ్చింది."

"ఏమని రాసిందండీ?" అన్నాడతను.

నాగేంద్రమ్మ ఉత్తరం పట్టుకుని గుమ్మంలోకి వచ్చింది.

"ఇంటికెళ్ళిన ప్రతిసారీ నువ్వు మా పిల్లి గురించే చెబుతున్నావట. ఆ పిల్లి పేరు కామేశ్వరేనా అని అడిగింది."